బావగారి వాకబు

మా వియ్యంకుడుగారు పోయారు. నాకు చెప్పాల్సిన జవాబు ఒకటి చెప్పకుండానే పోయారు. మా అమ్మాయిని వాళ్ళబ్బాయికి చేసుకునే ముందు, ఆయన మలికిపురం నుంచి మా అల్లవరం వచ్చి, మా గడప తొక్కకుండా, వీధి చివర టీ కొట్లో కూర్చుని నా గురించి వాకబు చేశారు. మనిషి కోపిష్టా, ఇంట్లో ఆడవాళ్ళని మాటంటాడా అని అడిగారట. ఇన్నేళ్ళూ అది నాకు గొంతులో ముల్లే.

ఎన్నిసార్లు దెప్పినా ఆయన నవ్వేవారు.

"మిమ్మల్నే అడిగితే మంచివాణ్ణనే చెబుతారు కదండీ బావగారూ!"

"మరి టీ కొట్టాయన ఏం చెప్పేడండీ?"

"అది మాత్రం చెప్పనండీ."

చెప్పలేదు. ఆ టీ కొట్టాయనా లేడిప్పుడు.

నాకు రాయడం చేతకాదు. మంగళవారం పెద్దకార్యానికి వచ్చినవాళ్ళకి పంచే కాగితంలో నాలుగు మాటలు రాయమని అల్లుడు అడిగితే కాదనలేకపోయాను.

బావగారి తీరే అంత. మా చెట్టు కొబ్బరికాయ మా ఇంట్లోనే చేతికిచ్చినా, చెవి దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి, ఊపి, లోపల నీళ్ళు పలికాకే కొట్టించేవారు.

"దీని మీద కూడా అనుమానమేనాండీ?" అంటే, "ఆయ్, పలకరించేనండీ, అంతే" అనేవారు.

ఈ ఏడు మా ఇద్దరి మనవరాలికి పైచదువుకి ఐర్లాండ్‌లోనూ జర్మనీలోనూ సీట్లు వచ్చాయి. ఈ శుక్రవారంలోగా ఏదో ఒకటి ఒప్పుకోకపోతే రెండూ పోతాయి. అమలాపురం కన్సల్టెన్సీ వాళ్ళు రంగురంగుల బొమ్మలిచ్చి పంపారు. బావగారు వాటిని పక్కన పెట్టేశారు.

"దేశాన్నయినా సంబంధం చూసినట్టే చూడాలమ్మా. పెళ్ళికొడుకు ఫొటో ఎప్పుడూ బాగానే ఉంటుంది" అన్నారు.

ఐర్లాండ్‌లో చదువుతున్న కొత్తపేట పిల్ల నంబరు సంపాదించారు. ఫోనుని కూడా కాయలాగే ఒక కన్ను మూసి విన్నారు. కాలేజీ గొప్పదా అని అడగలేదు.

"నీకు జొరమొస్తే జావ ఎవరు కాచేరమ్మా?"

"గదిలో ఉండే నెల్లూరు అక్క కాచిందండీ తాతగారూ. ఆ గది దొరకడానికే ప్రాణం పోయిందండీ!"

ఆ ప్రశ్న అడిగే హక్కు ఆయనకి ఉంది. మా అమ్మాయి కాపురానికి వెళ్ళిన కొత్తలో జ్వరం పడితే, వియ్యపురాలు ఊళ్ళో లేరు. ఆయనే పొయ్యి ముందు కూర్చుని జావ కాచి, చల్లార్చి ఇచ్చారు. అది తెలిశాకే నేను ఆయన్ని మనసారా బావగారూ అని పిలిచాను.

"అక్కడ ఇల్లు దొరకదు గానీ మనుషులు దొరుకుతారు" అని ఐర్లాండ్ సంగతి తేల్చారు. జర్మనీ గురించి మర్నాడు కనుక్కుంటానన్నారు. మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారు.

ఇప్పుడు పిల్ల దేనికీ ఊఁ అనడం లేదు.

"జర్మనీ అయితే ఫీజు తక్కువ కదమ్మా, ఊఁ అనెయ్" అంటాడు తండ్రి.

"తాతయ్య సగమే విన్నారు నాన్నా. మిగతా సగం వినకుండా నేనెలా చెప్పను?" అంటుంది.

నెలల తరబడి ఇంట్లో ఈ దేశాల గోలే. విని విని అలిసిపోయాను. మోకాళ్ళు కూడా మాట వినడం లేదు. కానీ ఆ మిగతా సగం వినడానికి ఇంక నేనే ఉన్నాను.

అంచేత అడుగుతున్నాను. ఒకరి గడపకి వెళ్ళి ఏదీ అడిగి ఎరగని మనిషిని. జర్మనీలో పిల్లలు చదువుకుంటున్నవాళ్ళు మీలో ఎవరున్నా, భోజనాలయ్యాక వాళ్ళకి ఫోను కలిపి నా చేతికివ్వండి. గొప్పలు నాకు వద్దు. జ్వరమొస్తే అక్కడ జావ కాచేవాళ్ళు ఉన్నారా, లేరా?

బావగారి కుర్చీ వీధి అరుగు మీద వేయించాను. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసుకుని అందులోనే కూర్చుంటాను. గురువారం పొద్దుగూకేలోగా ఎవరో ఒకరు నాకు నిజం చెప్పాలి.