తెనాలిలో కొన్న పాత కత్తి

తెనాలిలో పాత ఇనప సామాన్ల కొట్లో కొన్నాను ఆ కత్తిని. దాని మీద పేరు లేదు, ముద్ర లేదు. పిడి కొట్టువాడు కొత్తగా బిగించింది. కత్తి వీపున గరుకుగా గాట్లుంటే తుప్పు తినేసిందనుకున్నాను.

ఇంట్లో బొచ్చె చేప మీద పెడితే ముక్క తిన్నగా తెగదు, కత్తి పక్కకు జారిపోతుంది. "ఆడలేక మద్దెల ఓడంట," అని మా ఆయన నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. రేపల్లె బజార్లో చేపలు కోసి అమ్మినావిడ కూతుర్ని, నాకు కొయ్యడం రాదా? కొట్టువాణ్ణి నాలుగు దులుపుదామని కత్తిని సంచిలో వేసుకున్నాను.

సరిగ్గా అప్పుడే బాపట్ల నుంచి అమ్మ వచ్చింది. అక్కడ తమ్ముడి దగ్గరుంటోంది. అమ్మ తన కత్తిని ఎక్కడో పెట్టి మరిచిపోయిందని, మతి తప్పుతోందని చెప్పి, వాడే బజారు మాన్పించి తీసుకెళ్ళాడు. ఆ ఇంట్లో ఆవిణ్ణి పొయ్యి వెలిగించనివ్వరు, తాళాలు ముట్టుకోనివ్వరు. పాపం, తనూ నమ్మేసింది. ఏం చెప్పబోయినా "నాకు గుర్తుండదులేవే" అనే మొదలుపెడుతుంది.

"ఏంటే ఆ సంచి?" అంది. కత్తి తీసిచ్చాను. ఎడంచేత్తో అందుకుంది. అమ్మది ఎడమచేతి వాటం. అంచు మీద వేలు రాసి, "ఒక పక్కే నూరి ఉందే," అంది. తిరగేసి వీపుతో చేపను గీకితే పొలుసు జలజలా రాలింది. పొలుసు తియ్యడానికి అమ్మ వేరే కత్తి వాడేది కాదు, ఆకురాయితో వీపునే పళ్ళు పెట్టుకునేది. నాకు తెలిసిన కత్తికి పిడి నిండా వలతాడు చుట్టి ఉండేది, అందుకే పోల్చలేకపోయాను. ఎడంచేతికి కుదిరేలా నూరిన కత్తి కాబట్టే నా కుడిచేతిలో పక్కకు జారింది; అమ్మ చేతిలో ముక్క తిన్నగా తెగింది.

"ఇది నాదేనే."

తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు తడుముకోనైనా లేదు. "నేనే పాత ఇనుములో వేసేశానక్కా. ఇక్కడ షాపు పెట్టుకున్నాక, వీళ్ళమ్మ చేపలమ్ముద్దంటే నాకేం మర్యాద? మానమంటే మానిందా?"

"మానకపోతే పోట్లాడరా. మతి పోయిందని చెప్తావా కన్నతల్లికి?" నోటికొచ్చినన్ని తిట్టాను. "ఇప్పుడు దొరికిందిగా," అన్నాడు. ఫోన్ పెట్టేసి, వాడన్నదంతా అమ్మకి చెప్పాను.

అమ్మ కత్తి కడిగి పక్కన పెట్టింది.

"అయితే నేనేం మరిచిపోలేదుగా?" అంది.

"లేదమ్మా."

నమ్మకం చాలక, అన్నం దగ్గర కూర్చుని మళ్ళీ అదే అడిగింది. అమ్మ అలా రెండోసారి అడగాల్సి వచ్చినందుకే వాణ్ణి నేనింకా క్షమించలేదు.