బోర్డు వైపు తిరిగినప్పుడు

నేను ఒకప్పుడు పనిచేసిన తాడేపల్లిగూడెం కాలేజీలో మొన్న గోడంత డిజిటల్ బోర్డు పెట్టారు, చూసి వెళ్ళండి మేడమ్ అంటూ పాత శిష్యురాలు పిలిస్తే వెళ్ళాను. తనిప్పుడు అక్కడే లెక్చరరు. పాఠం మొదలుపెట్టే ముందు, కళ్ళెదుట కూర్చున్న పిల్లల్ని అందరికీ వినపడుతోందా అని అడిగింది. ఆ మాట ఎక్కడిదో నాకు తెలుసు.

కరోనా రోజుల్లో నేనక్కడ లెక్కలు చెప్పే కాంట్రాక్టు లెక్చరర్ని. మావారి పని ఆగిపోయింది, ఇంట్లో పొయ్యి వెలగాలంటే నా ఉద్యోగం నిలవాలి. సరిగ్గా అప్పుడే, ఆన్‌లైన్ పాఠం చెప్పలేనివాళ్ళకి కాంట్రాక్టు పొడిగించరని, యూనివర్సిటీ నుంచి ఒక పరిశీలకుడు క్లాసులో చేరి చూస్తారని కబురొచ్చింది. ఏళ్ళ తరబడి సుద్దముక్కతో బతికినదాన్ని, ఆ మాయదారి ఫోనులో ఎక్కడ ఏది నొక్కాలో తెలిసేది కాదు.

నా క్లాసులో ఒక ఆచారం ఉండేది, మీలోనూ మాస్టార్లుంటే ఎరిగే ఉంటారు: బోర్డు వైపు తిరిగానంటే లెక్క పూర్తయ్యేదాకా వెనక్కి చూడను, ఎవరూ కిక్కురుమనకూడదు. ఆ రోజూ అంతే. ఇంట్లో గోడకు నల్లబల్ల తగిలించి, స్టాండు మీద ఫోను పెట్టి, పిల్లల గోల వినపడకుండా దాని శబ్దం పూర్తిగా తగ్గించేసి, అటు తిరిగి గొంతు పూడిపోయేలా పాఠం చెప్పాను. చివరి గీత గీసి, చేతులు దులుపుకుని ఇటు తిరుగుదును గదా, తెర నిండా చేతులు ఊగుతున్నాయి! కొల్లేటి ఊళ్ళో, సిగ్నలు కోసం చేపల చెరువు గట్టెక్కి కూర్చునే పిల్లయితే ఏకంగా చున్నీయే ఊపుతోంది. నా మైకు మొదటినుంచీ ఆపేసే ఉంది.

అయ్యబాబోయ్, అయిపోయింది నా పని అనుకున్నాను. తెర మూలన ఆ పరిశీలకుడు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. తడబడుతూ మైకు పెట్టి, శబ్దం పెంచేసరికి ముందు ఆ గట్టుమీది పిల్ల గొంతే వినిపించింది. "మళ్ళీ మొదటినుంచి చెప్పండి మేడమ్, మేం ఇక్కడే ఉంటామండీ." మండుటెండలో, చార్జింగు అయిపోతున్న ఫోన్లతో ఒక్కరూ కదల్లేదు, వాళ్ళు కదలకపోయేసరికి ఆయనా లేవలేదు. ఈసారి వాళ్ళ మొహాలు చూస్తూ, గీత గీతకీ వినపడుతోందా అని అడుగుతూ చెప్పాను. ఉద్యోగం నిలిచింది.

ఆ చున్నీ ఊపిన పిల్లే ఈ లెక్చరరమ్మ. బోర్డు బాగుంది, కాదనను. కానీ వెనకటికి నేను అటు తిరిగి రాస్తున్నా, బెంచీ కిర్రుమన్న తీరుని బట్టి ఎవరికి అర్థం కాలేదో తెలిసిపోయేది. ఇప్పుడు ఎదురుగా ఉన్నవాళ్ళని కూడా అడిగితేగాని తెలియడం లేదు. ఆ అలవాటు ఆ పిల్లకి అంటించింది మరి నేనే.