చూద్దామండి, కుదరదండి

మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి మొదటి జీతానికి కాజాలు తెచ్చింది. పెట్టె మూత తీయగానే నేతి వాసన గుప్పుమంది. నోట్లో ఊరాల్సిన నీళ్ళు నాకు కళ్ళలో ఊరాయి. సుభద్రగారు గుర్తొచ్చారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, రాజమండ్రిలో ఒక మిఠాయి కొట్టు పైన మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండేది. ఆసుపత్రుల బిల్లింగుకు ప్రోగ్రాములు రాసేవాళ్ళం. గది ఉడికిపోతుంటే అది కింద కాజాలు వేయించే మూకుడు వేడో, పైన కంప్యూటర్ల వేడో తెలిసేది కాదు. సుభద్రగారు మా జట్టుకు పెద్ద. నాకు అదే మొదటి ఉద్యోగం. నాన్న మంచం పట్టాక ఇల్లు నా జీతం మీదే నడిచేది. ఆవిడ ఎవరినీ నొప్పించి ఎరగరు. ఇష్టంలేని పని చెబితే ఆవిడ మాట ఒక్కటే, "చూద్దామండి." మా గోదావరి వాళ్ళకు వేరే చెప్పాలా, చూద్దామండి అంటే జరగదని? పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఆ మాట అని లేస్తే మేం మరో సంబంధం వెతుక్కుంటాం.

హెడ్డాఫీసు మేనేజరుకు ఆ సంగతేం తెలుసు? ఆయన ఎక్కడో పెద్ద నగరంలో పుట్టి పెరిగిన మనిషి. ఆ ఏడాది కొత్త రూలు తెచ్చాడు. ప్రతి జట్టులోనూ ఒకరు పనికిరానివాళ్ళుగా తేలాలట, వాళ్ళను తీసెయ్యాలట. అందరూ బాగా చేస్తేనో? అయినా సరేనట! పంక్తిలో ఒకరిని ఆకలితో లేపితే తప్ప భోజనాలు అయినట్టు కాదన్నమాట. ఇదేం చోద్యమో! "కొత్తమ్మాయి పేరు పెట్టెయ్యనా మేడమ్?" అని ఆయన ఫోనులో అడిగితే, సుభద్రగారు అలవాటుగా "చూద్దామండి" అన్నారు. ఒప్పుకున్నారనుకున్నాడు మహానుభావుడు. వారం తిరక్కుండా నన్ను తీసేసినట్టు కాగితం వచ్చింది.

నా ఏడుపు చూసి ఆవిడ ముఖం పాలిపోయింది. "నా మాటే నీ కొంప ముంచిందమ్మా," అంటూ ఫోను అందుకుని, మేమంతా వినేలా స్పీకరు నొక్కారు.

"కుదరదండి," అన్నారు. ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదలు.

"మొన్న మీరే ఒప్పుకున్నారుగా మేడమ్?"

"చూద్దామన్నానండి. చూశాను. కుదరదండి."

"ఎవరో ఒకరి పేరు ఉండాలి. రూలు."

"అయితే నా పేరు రాసుకోండి."

నా ఉద్యోగం నిలిచింది. ఆవిడను పూర్తిగా పంపెయ్యలేదు గానీ, పెద్దరికం మాత్రం ఊడబెరికారు. మర్నాటి నుంచి నా పక్క కుర్చీలో కూర్చుని నాతోపాటే ప్రోగ్రాములు రాశారు. నాకు ప్రాణం ఉసూరుమంది. "ఆయన్ని నాలుగు దులిపెయ్యాల్సిందండీ," అన్నాను ఉక్రోషంగా.

ఆవిడ నవ్వారు. "అండి తీసేస్తే తగువవుద్ది అమ్మాయ్. కుదరదు అన్నది తీసేస్తే, ఇదిగో, నీకైనట్టవుద్ది. రెండూ ఉండాలి."

ఇప్పుడు నేనూ ఒక జట్టుకు పెద్దని. ఆ మేనేజరు పోయినా ఆ రూలు మాత్రం చావలేదు. కాజా నమలడం పూర్తికాకుండానే పైనుంచి ఫోను, "ఈసారి ఎవరు? కొత్తమ్మాయేనా?" అని. చూద్దామండి నాలిక చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఆ పిల్ల, ఇంకోటి తీసుకోమని పెట్టె చాపి నిలబడింది.

"కుదరదండి," అన్నాను.

"ఏంటీ?" అన్నారు అవతల. అర్థం కాలేదేమోనని మళ్ళీ చెప్పాను, అండి వదలకుండా.