మసకగా ఉన్న ఆ గంటసేపు

ఒక మాట నాలోనే ఉండిపోయింది. ఏళ్లు గడిచాయి. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు. దేవుడి ముందు చేతులు జోడించినప్పుడు కూడా, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి పిల్లల చదువు గురించో ఇంట్లోవాళ్ల ఆరోగ్యం గురించో మొక్కుకుని లేచి వచ్చేశాను. దాన్ని మోస్తున్నానంటే నాకేదో ఓర్పు ఉన్నట్టు అనిపిస్తుంది. ఓర్పేమీ లేదు. దానికి భయపడుతూ బతుకుతున్నాను, అంతే. ఫోన్లో తెలియని నంబరు కనబడితే ఎత్తను. అంగడి ముందు మోటారు సైకిల్ ఆగితే, దిగిన మనిషి ఎవరో చూసేదాకా త్రాసు ముట్టను. కుందుర్పి వైపు పోయే బస్సు ఎక్కను. అక్కడ మా చిన్నమ్మ కూతురి పెళ్లయితే, ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి ఇంట్లోనే పడుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. పేర్లు మార్చాను. మిగతాది జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మాది బత్తలపల్లె. రోడ్డు పక్కన మాకు కిరాణా అంగడి ఉంది. కరోనా తర్వాత బేరాలు తగ్గిపోయి, ఊరికే కూర్చోలేక నేనొక వీడియో ఛానల్ మొదలుపెట్టాను. మొదట్లో ఫోన్‌తోనే తీసేదాన్ని. ఉగ్గాని, ఓళిగలు, చెనిక్కాయల ఊరిమిండి లాంటి మా వైపు వంటలు. మా బంధువులు తప్ప ఎవరూ చూడలేదు. అప్పుడు అనంతపురంలో పెళ్లిళ్లకు వీడియోలు తీసే ఒకాయన ఇంకా పెద్దది కొనుక్కుని తన పాత హెచ్‌డీ కెమెరాను అమ్మేస్తున్నాడని తెలిసింది. మా ఆయన సణుగుతున్నా వినకుండా పోయి తెచ్చుకున్నాను. చీరకు తగిలించుకునే చిన్న మైకు, ఒక స్టాండు తెప్పించుకున్నాను. లైట్లు మాత్రం కొనలేదు. మా ఊళ్లో ఎండకేం కరువు? కొత్త టీవీ పెట్టెలో వచ్చిన తెల్లటి థర్మకోల్ అట్టను ఎండకు ఎదురుగా నిలబెడితే, వెలుతురు ముఖం మీద మెత్తగా పడుతుంది.

ఆ కెమెరాలోంచి మొదటిసారి మా అంగడిలో కందిపప్పు మూటను చూశాను. గింజ గింజా విడివిడిగా కనబడింది. రోజూ చూసే పప్పే. దాన్ని ఇన్నేళ్లూ నేను చూడనే లేదా అనిపించింది. అప్పటినుంచి నాకదొక పిచ్చి అయిపోయింది. గోడ మీది బల్లి, మా అత్త చేతి మడతలు, ఏది కనబడినా కెమెరాలో ఎలా ఉంటుందా అనే చూసేదాన్ని.

మా అంగడి వెనక సందులో ఒక రేకుల షెడ్డు ఉంది. ఎండాకాలం అక్కడ చింతపండు కొట్టే పని జరుగుతుంది. ఆడవాళ్లు వరసగా కూర్చుని, చిన్న కట్టెతో కొట్టి గింజ తీసి, ఈనెలు లాగి, పండును ముద్ద చేస్తారు. సరోజ ఆ షెడ్డులో పనిచేసేది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. చిన్న కూతురితో ఒక గదిలో అద్దెకు ఉండేది. సబ్బుకో బియ్యానికో మా అంగడికి వచ్చి, పని లేకపోయినా కాసేపు నిలబడి మాట్లాడేది. ఆమె ఎడమ చెవి తమ్మె చీలి, మళ్లీ వంకరగా అతుక్కుని ఉండేది. ఒకరోజు నేనడక్కుండానే చెప్పింది. మొగుడు కమ్మ పట్టుకుని లాగాడట. కుందుర్పి అవతల ఏదో పల్లె. పిల్లను చంకనేసుకుని పారిపోయి వచ్చింది. తానెక్కడున్నదీ పుట్టింటికి కూడా చెప్పలేదు. వాడికి తెలిస్తే చంపుతాడని మామూలు గొంతుతోనే చెప్పింది. ఈ సంగతి నాకూ, ఆమె పక్కన కూర్చుని పనిచేసే మారెక్కకూ తప్ప ఎవరికీ తెలియదు.

అంటే, నాకు అన్నీ తెలుసు. తెలియక చేశాననడానికి నాకు దారి లేదు.

చింతపండు పని మీద వీడియో తీస్తానంటే షెడ్డు యజమాని సరేనన్నాడు. నేను స్టాండు పట్టుకుని పోగానే సరోజ దగ్గరికి వచ్చి, తన ముఖం పడకుండా తీయమని అడిగింది. పడదులే అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను. ఆమెను చివరి స్తంభం పక్కన కూర్చోమన్నాను, కెమెరాను ఇటువైపు తిప్పుకున్నాను, చేతులు, కట్టెలు, గింజల కుప్పలు తీసుకుంటూ పోయాను. మధ్యాహ్నం దాటాక రేకులో ఉన్న ఒక చిల్లులోంచి ఎండ సరిగ్గా ఆ స్తంభం పక్కనే పడింది. చింతపండు దుమ్ము ఆ వెలుతురులో లేస్తూ ఉంది. అందులో సరోజ, ఎర్ర చీరలో. నేను మెల్లగా కెమెరా అటు తిప్పాను. అంతటితో ఆగలేదు. ఆమె తల వంచుకుని ఉంది కాబట్టి, పేరు పెట్టి పిలిచాను. ఏమో అనుకుని తలెత్తి నవ్వింది.

ఎందుకు పిలిచాను? నీళ్లు అడుగుదామని పిలిచానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. నాకు దాహం వేసినట్టు గుర్తు లేదు.

మర్నాడు కంప్యూటర్ ముందు కూర్చుని ముక్కలన్నీ వరసలో పేర్చాను. ముఖాన్ని మసక చేయడం నాకు వచ్చు. ఒక గుండ్రటి మసకను తెచ్చి ముఖం మీద పెట్టి, తల ఎటు కదిలితే అటు జరుపుకుంటూ పోవాలి. విసుగు పుట్టించే పనే, కానీ చేయలేనిది కాదు. మొదలుపెట్టాను కూడా. మసక వేయగానే ఆ వెలుతురూ పోయింది, ఆ నవ్వూ పోయింది, మిగిలింది ఎవరో ఎర్ర చీర మనిషి. ఆ ముక్కే తీసేస్తే వీడియోలో ఇంక ఏముంది, గింజలు తప్ప? మసక తీసేశాను. బద్ధకం వల్ల చేశానని చెప్పుకుంటే కొంచెం తేలిగ్గా ఉండేది. బద్ధకం కాదు. అంత బాగున్నది నేను తీశానని నలుగురూ చూడాలి, అదే నా కోరిక. నెట్‌లో పెట్టడానికి వీలుగా ఫైలును చిన్నది చేసి, మిద్దె మీద సిగ్నల్ బాగా వచ్చే మూల కూర్చుని ఎక్కించాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఇది తెలియకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. వీడియో ఎక్కించిన వెంటనే దాని అసలు రూపం కనబడదు. మొదట మసక రూపం ఒక్కటే వస్తుంది. స్పష్టమైన రూపం తయారు కావడానికి ఇంకా కొంతసేపు పడుతుంది, ఒక్కోసారి గంట కూడా. ఆలోగా చూసినవాళ్లకు మనుషులు రంగు మచ్చల్లా కనబడతారు. ఛానల్ నడిపేవాళ్లందరికీ ఇది తెలుసు. చూసేవాళ్లకు తెలియదు.

సరిగ్గా ఆ మసక గంటలోనే సరోజ పని ముగించుకుని అంగడికి వచ్చింది.

"అక్కా, వీడియో ఎక్కిచ్చినావంట గదా. నేనేమన్నా పడినానా?"

"యాడో ఎనకాల పడినావులే. మొగం కానరాదు."

"యాడ, సూపీ."

ఫోన్ తీసి చూపించాను. ఆమె ఉన్న చోటికే జరిపి చూపించాను. సరోజ ఫోన్‌ను కళ్ల దగ్గరికి పెట్టుకుని చూసింది. ఎర్రటి మచ్చ, దాని పైన ఇంకో చామనఛాయ మచ్చ. ఆమెకు నవ్వు వచ్చింది.

"ఈ ఎర్రగా ఉండేది నేనేనా? నాకు మొగమే లేదు గదక్కా!"

ఫోన్ తిరిగి ఇస్తూ ఆగింది. నవ్వు ఆపి అడిగింది.

"అందరికీ ఇట్లే కానొస్తాదా?"

"అందరికీ ఇట్లే" అన్నాను.

ఆమె సబ్బు తీసుకుని వెళ్లిపోయింది. ఇంకాసేపటికి వీడియో తేటపడింది. కూర్చుని చూశాను. ఆమె కనురెప్పల మీది దుమ్ము కనబడుతోంది. చెవి తమ్మె మీద వంకర అతుకు కనబడుతోంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ముందు నాకు సంతోషమే కలిగింది. భయం తర్వాత వచ్చింది.

వీడియోను జనం చూడడం మొదలైంది. నా ఛానల్ మొత్తంలో అంతమంది దేన్నీ చూడలేదు. కింద రాసిన ప్రతి వ్యాఖ్యకూ జవాబు ఇచ్చేదాన్ని, అట్లా ఇస్తే ఇంకా ఎక్కువ మందికి చూపిస్తారని. తన ఫోటో పెట్టుకోని ఎవరో మనిషి, ఈ చింతపండు యాడ దొరుకుతుందని అడిగాడు. మా ఊరి పేరు రాశాను, అంగడి వెనక సందు అని కూడా రాశాను. మర్నాడు అదే మనిషి మళ్లీ రాశాడు: "స్తంభం పక్కన ఉండే ఆమె చెవికి ఏమైంది?"

చింతపండు కొనేవాడికి చెవితో ఏం పని? ఆ వ్యాఖ్యను తుడిచేశాను. నా జవాబునూ తుడిచేశాను. వీడియోను మాత్రం ఆ రోజుకు ఉంచాను. చూసేవాళ్లు ఇంకా పెరుగుతున్నారు కదా, రేపు తీసేద్దాంలే అనుకున్నాను. ఇది కూడా మీకు తెలియాలి.

షెడ్డు ఎంత దూరం? ఇక్కడి నుంచి కేకేస్తే వినబడుతుంది. పోయి, సరోజా, పిల్లను తీసుకుని ఎటైనా పో అంటే చాలు. చెప్పులేసుకుని సందు మొదటిదాకా పోయాను. కట్టెల చప్పుడు వినబడుతోంది. ఆమె నన్ను ఏమడుగుతుందో నాకు తెలుసు. నువ్వు నాకు చూపించినప్పుడు నా ముఖమే లేదు కదక్కా, వాడికెలా కనబడింది అని అడుగుతుంది. దానికి నా దగ్గర ఒకటే జవాబు ఉంది. అది చెప్పాల్సి వస్తుందనే వెనక్కి వచ్చేశాను. ఆమె ప్రాణం ఒకవైపు, నా పరువు ఒకవైపు. నేను దేన్ని కాపాడుకున్నానో చూడండి.

మర్నాడు పొద్దున వీడియో తీసేశాను. ఆ సాయంత్రం నుంచి సరోజ గదికి తాళం ఉంది.

ఏం జరిగిందో ఎవరినీ అడగలేదు. అడగడానికి భయం. అడిగితే నాకెందుకని అనుకుంటారేమోనని ఇంకా భయం. పోలీసుల దగ్గరికి పోవాలని అనుకోలేదా అంటే, అనుకున్నాను. అనుకుంటూనే ఉన్నాను. కొన్నాళ్లకు మారెక్క అంగడికి వచ్చినప్పుడు తనంతట తానే చెప్పింది. వాడు మోటారు సైకిల్ మీద వచ్చాడట. షెడ్డులోకి కూడా రాలేదట. పిల్లను ఒంటిపూట బడి దగ్గరే పట్టుకుని, ముందర ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని వచ్చి, సందులో ఆగి హారన్ కొట్టాడట. సరోజ పిల్లను చూసింది. చేతిలో కట్టె కింద పెట్టింది. ఏడవలేదు, అరవలేదు. లేచి పోయి వెనక కూర్చుంది.

అంతా చెప్పి మారెక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ముందు దినమే చెప్తినమ్మా దానికి. ఎవడో హోటల్ కాడ చెవి తెగిన ఆడమనిషి యాడుందాదని అడుగుతాండాడు, పిల్లను ఎత్తుకొని ధర్మవరం పోయి రైలెక్కు అంటిని. వింటేగా! 'నా కోసరం కాదులే అత్తా, వీడియోలో నా మొగమే తెలీదు, అక్క నాకు సూపించింది' అనె. మల్లా కూచుని కొట్టుకుంటా ఉండె."

నేను తల ఎత్తకుండా ఆమె అడిగిన చక్కెర తూచాను. మారెక్క నా వైపు జాలిగా చూసింది. సరోజ అంటే నాకు ప్రాణమని ఆమె నమ్మకం. "నువ్వు మాత్రం ఏం చేస్తావులేమ్మా" అంది. అవునన్నట్టు తల ఊపాను. చక్కెర పొట్లం కట్టి ఇచ్చాను.

అంతకుముందు దాకా నేను సరోజను వాడికి పట్టించానని మాత్రమే అనుకునేదాన్ని. అది ఎంతో కొంత పొరపాటులాగే అనిపించేది. ఆ రోజు తెలిసింది. పారిపోవడానికి ఆమెకు ఒక రోజంతా ఉంది. కాళ్లున్నాయి, రైలుంది, హెచ్చరించిన మనిషి పక్కనే ఉంది. ఆమెను కదలకుండా అక్కడే కూర్చోబెట్టింది నా మాట.

ఇప్పటికీ వీడియోలు తీస్తాను. చేతులు మాత్రమే తీస్తాను. ముఖాలు చూపించకుండా భలే తీస్తావమ్మా, అదే నీ ప్రత్యేకత అని రాస్తారు చూసేవాళ్లు. చదివి ఫోన్ బోర్లా పెడతాను. ఆమె బతికి ఉందో లేదో నాకు తెలియదు. ఆ పిల్ల ఈపాటికి పెద్దదై ఉంటుంది. నన్ను చూస్తే గుర్తుపడుతుందా? ఏమని అడుగుతుంది? ఇది చదివి ఎవరైనా నేనెవరో పసిగడతారేమోనని కూడా రాస్తూనే భయపడుతున్నాను. తలుపు గడియ పెట్టుకుని రాస్తున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి ఎక్కడుందో వెతకడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

అందరికీ ఇట్లే కనబడుతుందా అని సరోజ నన్ను సూటిగా అడిగింది. కాసేపట్లో తన ముఖం లోకమంతటికీ తెలుస్తుందని నాకు తెలుసు. తెలిసే, అందరికీ ఇట్లే అన్నాను. ఆమె నమ్మింది. నేను దాచిన మాట ఇదే. భయం పోతుందని రాయలేదు, పోలేదు కూడా. ఇన్నేళ్లూ ఇది నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.