నలగని నిమ్మకాయ

ఉదయగిరిలో మా మేనత్త అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికించి వాడే మనిషి. ఆమెకున్న ఖరీదైన పాత కారును తుక్కుకు అమ్మేయమని తమ్ముడైన మా నాయన రోజూ పోరేవాడు.

బ్రేకులు అరిగితే ఆత్మకూరు తీసుకుపోయింది. ప్యాడ్లు మారిస్తే చాలు, డిస్కులు పాతవే సానబట్టిస్తానన్నాడు షాపాయన.

"అతుకులేసేది సబ్బుకే చెల్లుద్ది అబ్బాయా. రెండూ కొత్తవే ఎయ్యి!"

ఇంటికొచ్చినాక, దిష్టికని నాయన చక్రం కింద నిమ్మకాయ పెట్టబోయినాడు. అత్త దాన్ని లాక్కుని, వీధి వాలు కింద పెట్టింది. పైనుంచి కారు వేగంగా తోలుకొచ్చింది. మేం కళ్ళు మూసుకున్నాం.

తెరిచేసరికి నిమ్మకాయకు బెత్తెడు దూరంలో కారు ఆగి ఉండాది. అత్త దిగి, నలగని కాయను నాయన చేతిలో పెట్టింది.

"ఇంద, మజ్జిగలో పిండుకో. తుక్కు మాట ఇంకెత్తమాకరా!"