జారాలు అలసందలు తినరు

ముందు ఆ చప్పుడే వినిపిస్తుంది. గోడ అవతల, సొరబుర్రలో ఎండు అలసందలు గిరగిరా తిరిగే చప్పుడు. ఎండాకాలపు నది మీద ఎక్కడో దూరాన వాన మొదలైనట్టుంటుంది. నేనింకా కళ్ళు తెరవకముందే అది నా కలలోకి వచ్చి కూర్చునేది. తర్వాత రాళ్ళు ఏరి పారేసే టిక్కుటిక్కు. ఆ తర్వాత గొంతు.

"ఒరేయ్ జారా! లేచావా? రాత్రి మెక్కిన అలసందలు ఇంకా అరగలేదా?"

సితాన్ ట్రవోరే. మా సెగూ పట్నంలో, మా వీధి మలుపులో, ఉడికించిన అలసందలు అమ్ముతుంది. అరవై దాటిన మనిషి. నడుముకి నీలిగుడ్డ, ముందుపళ్ళ మధ్య చిన్న సందు. తిట్లన్నీ ఆ సందులోంచే వస్తాయని నా అనుమానం.

ట్రవోరేల వంశానికీ మా జారాల వంశానికీ ఒకరినొకరు తిట్టుకునే హక్కు తాతముత్తాతల నాటిది. పెళ్ళిలో తిట్టుకోవచ్చు, సంతలో తిట్టుకోవచ్చు, చావులోనూ తిట్టుకోవచ్చు. కోపం తెచ్చుకున్నవాడే ఓడినట్టు. ఆ తిట్లన్నిటిలోకీ పెద్దది, అలసందలు తినేవాడా అనడం. తిన్నా తినకున్నా అంటాం. కానీ ఎదుటి వంశం కళ్ళముందు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నామా, ఇక ఓడినట్టే.

"నీ కుండలో మీ వంశమంతా ఉడుకుతోంది పిన్నీ" అనేవాణ్ని, పాఠాలు చెప్పడానికి బడికి వెళ్తూ.

"వండేది మేం, మింగేది మీరు. గిన్నె తెచ్చుకో పో."

పదిహేనేళ్ళలో ఒక్కసారీ గిన్నె తీసుకెళ్ళలేదు. తాపీ మేస్త్రీలు తినేవారు, చేపలమ్మేవాళ్ళు తినేవారు. నేను మాత్రం తలెత్తుకుని ఆ ఆవిరి పక్కనుంచే నడిచిపోయి, తెల్ల రొట్టె తిని, పాకంలాంటి టీ మూడు గ్లాసులు తాగేవాణ్ని. పరువుకి కూడా ఒక రుచి ఉంటుంది. నాది బాగా తియ్యగా ఉండేది.

ఆ తీపి ఒకరోజు నెత్తుట్లో తేలింది.

డాక్టరు మూడు నెలలు గడువిచ్చాడు. ఈలోగా తిండితో చక్కెర దిగితే సరి, లేకపోతే రోజూ సూది. పంతులు జీతంలో ఆ సూదులు ఇమడవని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అప్పటికే సాయంత్రమయ్యేసరికి నల్లబల్ల మీద నేను రాసిన అక్షరాలు నాకే పొగమంచులో పడవల్లా కనిపిస్తున్నాయి. ఏం తినాలో ఒక చీటీ రాసిచ్చాడు: ఆపిల్, చేప, కోడిమాంసం, ఆకుకూరలు. అట్టడుగున, అలసందలు. ఆ చివరి మాట దగ్గర నా చూపు మరీ మసకబారింది.

ఒక ఆపిల్ కొన్నాను. మా ఆవిడ న్యేలే దాన్ని ఏడు ముక్కలు కోసింది. ఇంటిల్లిపాదీ అర నిమిషం పాటు ఆరోగ్యంగా ఉన్నాం. తర్వాతి వారం చేప. ఆ తర్వాతి వారానికి జేబులో చీటీ ఒక్కటే మిగిలింది.

"గుమ్మం ముందే కుండ ఉందిగా! ఒక్క ఆపిల్ డబ్బుకి మూడు గరిటెలు వస్తాయి" అంది న్యేలే.

"నేను జారాని."

"సరే. నీ గోరీ మీద అదే రాయిస్తాలే."

ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు తలపాగా ముక్కు దాకా చుట్టుకుని, రెండు పేటలు దాటి, పడవల రేవుకి వెళ్ళాను. అక్కడొకామె అలసందలు అమ్ముతుంది. గిన్నె అందుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాను.

"ఏం తమ్ముడూ, కొన్నావా, దొంగిలించావా? ఇంటిపేరేంటి?"

"కులిబాలి" అని నోటికొచ్చిన అబద్ధం ఆడాను.

"అదీ సంగతి! అలసందలంటే పడిచచ్చే కులిబాలీలకి ఒక గరిటె ఏ మూలకి?" అని ఇంకో గరిటె వేసింది.

సరిగ్గా అప్పుడే, వెనకనుంచి, నా దగ్గర చదువుకునే పిల్ల తండ్రి, పడవవాడు, రేవంతా వినబడేలా పిలిచాడు. "జారా మాస్టారూ! సలాం!"

ఆ సాయంత్రమే కబురు సితాన్‌కి చేరింది. ఆమె నేరుగా న్యేలే దగ్గరికి వెళ్ళి, జబ్బు సంగతంతా రాబట్టిందట.

మర్నాడు పొద్దున సొరబుర్ర చప్పుడు వచ్చింది. తిట్టు రాలేదు. తిట్టు కోసం ఒళ్ళు బిగబట్టుకుని గుమ్మం దాటాను.

"మాస్టారూ, ఒంట్లో ఎలా ఉందండీ?"

మా నాన్నను మోసుకెళ్తుంటే దారికి అడ్డం నిలబడి, "ఈ జారా నిజంగానే పోయాడా? ఒకసారి అన్నానికి పిలిచి చూడండి" అని ఏడ్చేవాళ్ళను నవ్వించిన మనిషి ఈమె. చచ్చినవాడికి కూడా దక్కని మర్యాద నాకు దక్కుతోందంటే, నా పని ఎక్కడిదాకా వచ్చినట్టు?

"తిట్టు పిన్నీ" అన్నాను.

ఆమె తిట్టలేదు. పక్కన పీట చూపించింది.

"మా ఆయన బాకోరోని నువ్వు చూళ్ళేదు, మీరీ వీధికి రాకముందే పోయాడు. పడవ నడిపేవాడు. ఆయనకీ ఇదే రోగం. మొదట ఒక కాలు తీసేశారు. అలసందలు పెట్టమన్నారు. కుండెడు వండాను. 'రేవులో నవ్వుతారే' అన్నాడు, ముట్టుకోలేదు. పారబోయడానికి చేతులు రాలేదు. కుండ ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టుక్కూర్చున్నా. సాయంత్రానికి అడుగంటా అమ్ముడుపోయింది. ఆయన ఇంకో రెండేళ్ళు ఉన్నాడు. నేను ఇక్కడే ఉండిపోయా."

పదిహేనేళ్ళుగా నేను వెక్కిరిస్తూ వచ్చింది ఆ కుండని. కుండలోంచి ఆవిరి లేచి మా ఇద్దరి మధ్యా తెల్లని తెరలా ఆడింది.

సితాన్ లేచింది. గిన్నె నింపుకుని వీధి నడిమధ్య నిలబడింది.

"మేస్త్రీలూ! చేపల తల్లులూ! అందరూ చూడండి! నేను, సితాన్ ట్రవోరేని, అలసందలు తింటున్నా! మా అమ్మ తింది, మా అమ్మమ్మ తింది. జారాలు గెలిచారు!"

ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. వీధంతా పగలబడి నవ్వింది. ఆమె నవ్వలేదు. ఇంకో గిన్నె నింపి నా ఒళ్ళో పెట్టింది.

"గెలిచినోడికి ఆకలెక్కువ. కానివ్వు."

గోడవైపు తిరగలేదు. వీధికి ఎదురుగా కూర్చుని తిన్నాను. ఉప్పు, పచ్చి ఉల్లిపాయ, నాలుగు చుక్కల నూనె. తొలకరికి తడిసిన మట్టి తినడానికి వీలైతే ఇలాగే ఉంటుందనిపించింది. నేను ఓడిపోయానని మేస్త్రీలు చప్పట్లు కొట్టారు. ఇంత కమ్మగా ఓడిపోవచ్చని తెలిస్తే పదిహేనేళ్ళ కిందటే ఓడిపోయేవాణ్ని.

గడువు నాటికి చక్కెర దిగింది. పూర్తిగా కాదు, సూది తప్పేటంత. ఆస్పత్రి కాగితం తెచ్చి ఆమె చేతికిచ్చాను. చదువు రాదు. అయినా ఎండకెత్తి, అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూసి తిరిగిచ్చింది.

"డాక్టరు ఇంకా దిగాలంటున్నాడు కదూ? అయితే రేపట్నుంచి గిన్నెలో సగం ఆకుకూరే. మొహం చిట్లించావంటే గరిటె విరుగుతుంది. పో, పిల్లలు ఎదురుచూస్తుంటారు."