సంతకం పెట్టిన మనిషి

న్యూజెర్సీలో పిస్కాటవే ఊళ్లోని తెలుగు క్రైస్తవ సంఘాన్ని అమెరికన్ చర్చిలో కలిపేయాలని తీర్మానించింది పెద్దలంతా కలిసే. ఇంగ్లీషు బాగా వచ్చని ఒప్పందం మీద సంతకానికి షాలేం రాజు అనే ఆయన్ని పంపారు. తెలుగు ఆరాధన ఆగిపోగానే, "మన చర్చిని అప్పగించినాయన" అంటూ మొహం తిప్పుకున్నదీ వాళ్లే. ఇప్పుడాయన ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని లైబ్రరీకి వస్తాడు. చైనా చివరి చక్రవర్తుల కాలపు మంత్రి ఒకాయన జీవితచరిత్రే మళ్లీ మళ్లీ చదువుతాడు. యుద్ధంలో ఓడింది దేశం. సంధి మీద సంతకం పెట్టి ద్రోహి అనిపించుకున్నది ఆ మంత్రి. ఆ పేజీ దగ్గర రాజు కళ్లజోడు తీసి, చాలాసేపు తుడుస్తాడు.

పక్క బల్ల దగ్గర చదువుకునే కుర్రాడు నిశాంత్, ఈ సంగతంతా విని, ఒక ఆదివారం అడిగాడు. "సైన్ చేయనని చెప్పేయాల్సింది కదా, అంకుల్?"

"ఇంకొకర్ని పంపేవాళ్లు బాబూ. మిగతా అందరికీ పిల్లలున్నారు. ఆ మాట పిల్లలు పడేవాళ్లు."